సదర్ సాబ్ వదిలిన ఖాళీ

ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి గడప బయట గోడ సందులో ఒక పోస్టు కార్డు దోపి ఉంది. చావు కబురు తెచ్చిన కార్డు ఇల్లు తొక్కకూడదని మా ఇంటావిడ పట్టింపు. చెప్పులు విడవకుండానే తీసి చదివాను.

"మా బాపు మంగళవారం పొద్దున కాలం చేసినారు. వచ్చే శుక్రవారం పదకొండవ దినము. తమరు తప్పక శ్రద్ధకు రావలెను."

రాసింది సదర్ సాబ్ కూతురు. నేను తెలుగు పంతులును. ఏ కాగితం చేతికొచ్చినా నా కన్ను ముందు తప్పు మీద పడుతుంది. ఆ రోజూ అంతే. మనిషి పోయాడన్న సంగతి గుండెకు అందకముందే చూపు 'శ్రద్ధకు' దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల రాయదలచుకున్నది శ్రాద్ధం. దీర్ఘం మరిచిపోయింది. దీర్ఘం ఉంటే పోయినవాళ్ళకు పెట్టే పిండం, లేకుంటే చేసే పని మీద పెట్టే మనసు. దిద్దుదామని జేబులోని పెన్సిల్ మీదికి చెయ్యి పోయింది కూడా. అక్కడే ఆగింది. ఆ ఒక్క దీర్ఘంతో నాకు పదకొండేళ్ళ పాత సంగతి ఉంది. అది ఆయన ఉండగా ఆయనకే చెప్పుకోవలసింది. చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఊరంతటికీ ఆయన సదర్ సాబే. నిజాం కాలంలో బడిలో పెద్ద ఉపాధ్యాయుణ్ణి సదర్ ముదర్రిస్ అనేవారు. ఆ పాలన పోయింది, గోడ మీద ఆ మాట చెరిపి ప్రధానోపాధ్యాయులు అని రాశారు, అయినా ఆయన సదర్ సాబ్‌గానే మిగిలారు. మెట్‌పల్లికి రెండు కోసుల దూరంలో ఒక చిన్న మిడిల్ స్కూలు మాది. నేను తెలుగు పంతులుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు, ఆయనకు నలభై అయిదు. ఇంట్లో మాట తెలుగే అయినా ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలో నోటికి చెప్పేవారు. అలాంటి మనిషి, బడి తెలుగులోకి మారేసరికి, మళ్ళీ అ ఆల దగ్గర కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నారు. బడి వదిలాక, నా ఎదురుగా, పలక పట్టుకుని.

గుణింతాలు ఆయనకు తొందరగానే పట్టుబడ్డాయి. దీర్ఘాలు మాత్రం పట్టుబడలేదు. ఉండవలసిన చోట ఉండవు, అక్కరలేని చోట వచ్చి కూర్చుంటాయి.

"ఉర్దూల గీ సన్న అచ్చులు రాయకున్న చదువుకుంటం పంతులూ," అని నవ్వేవారు. "మీ తెలుగుల జర తోక ఎక్కువైతె మాటనే మారిపాయె. గింత పట్టింపు ఎందుకు?"

"పట్టింపు లేకుంటే నా కొలువు ఎందుకు సాబ్?" అనేవాణ్ణి.

అప్పటినుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. ఆయన ఏ కాగితం రాసినా చిత్తు ప్రతి ముందు నా బల్ల మీదికి వచ్చేది. "జర చూసి పెట్టు పంతులూ" అనేవారు, ఎప్పుడూ అదే మాట. నేను మొదట పెన్సిల్‌తో చదివేవాణ్ణి. అనుమానం ఉన్న మాట కింద చుక్క పెట్టేవాణ్ణి. రెండోసారి చదువుతూ చుక్కలున్న చోటల్లా ఎర్ర సిరాతో దిద్ది, అడుగున 'చూశాను, సరి' అని రాసేవాణ్ణి. ఏదైనా మాటకు తెలుగు తట్టకపోతే ఆయన వేలెడు ఖాళీ వదిలేవారు. అందులో మాట నింపడం కూడా నా పనే. ఆ తర్వాత ఆయన శుభ్రంగా మరో ప్రతి రాసుకునేవారు. తనకంటే ఇరవై మూడేళ్ళు చిన్నవాడి చేత ఎర్ర సిరా గీతలు పెట్టించుకోవడానికి ఎంత గుండె కావాలో అప్పట్లో నాకు తెలియదు. నా ఎర్ర సిరాను చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన ఒక ఉర్దూ పుస్తకం ఉండేది. మొదటి పేజీలు కూడా లేవు కాబట్టి దాని పేరేమిటో, ఎవరు రాశారో ఆయనకే తెలియదు. రెండు వేల ఏళ్ళ కిందటి యవన దేశపు జ్ఞానుల సంగతులు అందులో ఉండేవి. వాళ్ళు బడి కట్టుకోలేదట. ఊరి నడుమ ఒక వసారాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడేవారట. అందుకే జనం వాళ్ళను వసారా వాళ్ళు అన్నారట. సదర్ సాబ్ దాన్ని మా ఊరి తెలుగులోకి దించి 'అరుగోళ్ళు' అన్నారు.

"మనసొంటోళ్ళే పంతులూ," అని చెప్పేవారు. "ఒకడు బానిస, ఇంకొకడు బాద్‌షా. ఇద్దరు ఒక్క అరుగు మీద కూసున్నట్టే మాట్లాడిన్రు. ఏమన్నరంటె, లోకంల రెండే ఉన్నయ్. నీ ఇఖ్తియార్ల ఉన్నది, లేనిది. గంతే."

ఇఖ్తియార్ అంటే మన చేతిలో ఉన్న అధికారం. ఆ మాటకు సరైన తెలుగు చెప్పమని నన్ను చాలాసార్లు అడిగారు. స్వాధీనం అన్నాను, వశం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపేవారు. చివరికి ఇఖ్తియార్ ఇఖ్తియార్‌గానే ఉండిపోయింది, బడిలో పిల్లలకు కూడా అలవాటైపోయింది. వానాకాలంలో మా ఆరో తరగతి పెంకులు కారేవి. నేను పై అధికారులను తిడుతూ నిలబడితే ఆయన లోపలికొచ్చి, "వాన పడుడు నా ఇఖ్తియార్ల లేదు. మీరు గా మూలకు జరుగుడు ఉన్నది. జరుగుండ్రి" అనేవారు. పిల్లలు జరిగేవారు. పాఠం సాగేది. పై అధికారులకు ఉత్తరం కూడా ఆ సాయంత్రమే రాసేవారు, ఎందుకంటే ఉత్తరం రాయడం తన ఇఖ్తియార్‌లో ఉందట. దాన్ని దిద్దడం నా ఇఖ్తియార్‌లో.

చాయ్ అంటే ఆయనకు ప్రాణం. అయినా గురువారం తాగేవారు కాదు. ఉపవాసమని కాదు. చాయ్ పెట్టించుకుని, సాసర్‌లో పోసుకుని, వాసన చూసి, నా వైపు జరిపేవారు.

"నాలుకకు సబఖ్," అనేవారు. అంటే పాఠం అని. "ఒక్కనాడు కాదంటె ఊకుంటదా, లొల్లి పెడ్తదా, సూడాలె గద."

ఆరేళ్ళు ప్రతి గురువారం ఆయన చాయ్ నేనే తాగాను. ఆయన నాలుక పాఠం నేర్చుకుంది, నా నాలుక మాత్రం చెడిపోయింది.

కోపం రాని మనిషేమీ కాదు. బాగా వచ్చేది. తలపాగాను మా వైపు రుమాలు అంటారు. ఆయనకు తెల్లటి రుమాలు ఉండేది. కోపం వచ్చినప్పుడు నోరు విప్పేవారు కాదు, రుమాలు విప్పేవారు. మొత్తం విప్పి, దులిపి, మళ్ళీ మొదటినుంచి ఒక్కో చుట్టు చుట్టుకునేవారు. అది అయ్యేసరికి ముఖం మామూలుగా ఉండేది. "సదర్ సాబ్ రుమాలు విప్పిండు" అంటే చాలు, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ సర్దుకునేవారు. ఒకసారి నేను నవ్వుతూ అడిగితే, "కోపం అచ్చుడు నా ఇఖ్తియార్ల లేదు పంతులూ. రుమాలు కట్టుకునేదాక ఆగుడు ఉన్నది" అన్నారు.

నాకా రుమాలు లేదు. ఆ ఓపికా లేదు. ఒకరోజు ఆరో తరగతిలో పద్యం చెబుతూ ఒక పాదం తడబడ్డాను. వెనక బెంచీ పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. తప్పులు దిద్దేవాడి తప్పుకు నవ్వితే ఊరుకుంటానా? బెత్తం తీసి కొట్టడం మొదలుపెట్టాను. ఎన్ని దెబ్బలు కొట్టానో నాకే తెలియదు. ఇంతలో బెత్తం ముందుకు కదలలేదు. వెనక్కి తిరిగి చూస్తే దాని రెండో కొస సదర్ సాబ్ చేతిలో ఉంది.

"పంతులూ, బెత్తం నీ చేతిల ఉన్నది. నీ చెయ్యి ఎవని చేతిల ఉన్నది?"

తరగతంతా విన్నది. ఎవరో నవ్వారు కూడా. నా ముఖం మండిపోయింది.

ఆ సాయంత్రం ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "పొద్దుగాల పిల్లల ముందట అట్ల అనకుంటె మంచిగుండు. అవుతలికి పిలిచి చెప్పేదుండె. గది నా తప్పు. మనసుల పెట్టుకోకు" అన్నారు.

బడిపెద్ద, నా తండ్రి వయసు మనిషి, వచ్చి తప్పు ఒప్పుకున్నారు. నేనేమన్నానో చూడండి. "అబ్బే, ఏం లేదు సాబ్" అన్నాను. మనసులో మాత్రం అది కుంపటిలా రాజుకుంటూనే ఉంది. మూడు రోజులు ఆయన ముఖం సరిగ్గా చూడలేదు.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు తనిఖీకి కావలసిన నివేదిక చిత్తు ప్రతి నా బల్ల మీదికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు అది. అంతకుముందు తనిఖీలు ఉర్దూలోనో ఇంగ్లీషులోనో గడిచిపోయేవి. ఈసారి నివేదిక తెలుగులో చదివి వినిపించాలని కబురు వచ్చింది. సదర్ సాబ్ రెండు రోజులు కూర్చుని రాశారు. "జర చూసి పెట్టు పంతులూ. గిది గట్టి కాగితం" అని ఇచ్చారు.

పెన్సిల్ పట్టుకుని చదివాను. రెండో పేజీలో ఒక వాక్యం ఇలా ఉంది: 'ఉపాధ్యాయులు ప్రతి విద్యార్థి యెడల ప్రతిదినము శ్రాద్ధ చూపుచున్నారు.' పెన్సిల్ ఆగింది. చుక్క పెట్టాను. ఆ చుక్కను చూస్తూ కూర్చున్నాను. మూడు రోజుల కిందటి నవ్వు చెవుల్లో మోగింది. ఒక్క దీర్ఘమే కదా, ఇన్‌స్పెక్టరు ముందు ఒక్క నవ్వు నవ్వుతారు, ఈయనకూ తెలుస్తుంది నలుగురిలో నవ్వులపాలు కావడమంటే ఏమిటో, అనిపించింది. రబ్బరు తీసుకుని చుక్క చెరిపాను. మిగతా తప్పులన్నీ ఎర్ర సిరాతో చక్కగా దిద్దాను. అడుగున ఎప్పటిలాగే 'చూశాను, సరి' అని రాశాను. ఆ రాత కూడా బాగా కుదిరిందని గుర్తు.

కరీంనగర్ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఊరి పెద్దలు బెంచీల మీద కూర్చున్నారు. సదర్ సాబ్ కొత్తగా ఉతికిన రుమాలు కట్టుకుని, శుద్ధ ప్రతి రెండు చేతులతో పట్టుకుని చదివారు. రెండో పేజీ దగ్గర ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపి, కాగితం తీసుకుని తానే చూశాడు.

"ప్రతి విద్యార్థికీ ప్రతిదినమూ శ్రాద్ధమా? ఏడాదికొకసారి చాలదా అండీ? పిల్లలు బతికే ఉన్నారు కదా!"

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. పిల్లలకు అర్థం కాకపోయినా పెద్దలు నవ్వారని వాళ్ళూ నవ్వారు. నేను సదర్ సాబ్ చేతుల వైపే చూస్తున్నాను. ఆయన రుమాలు ముట్టుకోలేదు. కాగితం తిరిగి తీసుకుని, "తప్పు నాది. శ్రద్ధ అని చదువుకోవాలె" అని, ఆగిన చోటు నుంచి చివరిదాకా చదివారు. అది చూసి నాకు ఆయన మీద ఇంకా కోపం వచ్చిందంటే నమ్ముతారా?

అందరూ పోయాక నాతో, "సన్న దీర్ఘం పంతులూ. బతికున్న పిల్లలకు దినాలు జేసిన" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనతో కలిసి నవ్విన ఆ నవ్వును మాత్రం నేనెప్పటికీ క్షమించుకోలేను.

అది ఒక్క నవ్వుతో పోలేదు. నెల తిరక్కముందే ఆర్డరు వచ్చింది. తెలుగు బడిని నడిపే భాషాజ్ఞానం లేదని ఆయన పెద్దరికం తీసేసి, గోదావరి అవతల, నస్పూర్ పక్కనున్న ఒక చిన్న ఊరి ఒంటి ఉపాధ్యాయుడి బడికి తబాదలా చేశారు. మా బడిలోని మిగతా ఇద్దరు ఉపాధ్యాయులు అర్జీ రాద్దామని నా దగ్గరికి వచ్చారు. తెలుగు బాగా రాసేవాణ్ణి నేనే కదా. ఆ తప్పు ఆయనది కాదు, చూసి దిద్దనివాణ్ణి నేను, అని ఒక్క వాక్యం రాస్తే చాలేది. నేనేం చేశానో తెలుసా? గంభీరంగా ముఖం పెట్టి, "తబాదలా మన ఇఖ్తియార్‌లో లేదు. సదర్ సాబే చెబుతారు కదా, మన చేతిలో లేనిదాన్ని పట్టుకుని పాకులాడకూడదని" అన్నాను. ఆయన మాటే కాబట్టి వాళ్ళు కాదనలేకపోయారు. ఆ మాటను ఆయన తన కోసం చెప్పుకున్నారు, తను ఓర్చుకోవడానికి. నేను దాన్ని దాక్కోవడానికి వాడుకున్నాను. మూడు నెలలకు ఆ కుర్చీలో నన్నే కూర్చోబెట్టారు.

వెళ్ళే రోజు సామాను బండికెక్కించి, అట్టలేని పుస్తకం చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "ఆడ దిద్దెటోళ్ళు ఎవ్వరుండరు. కాగితాలు టపాల పంపుత. జర చూసి పెట్టు" అన్నారు. నాకు కొండంత బరువు దిగినట్టయింది. ఈయనకు ఏమీ తెలియదు, తెలిస్తే మళ్ళీ నాకే ఎందుకు పంపుతానంటారు, అనుకున్నాను.

రెండు వారాలకు మొదటి కాగితం వచ్చింది. పై అధికారులకు రాసిన మనవి. అందులో ఒక వాక్యం: 'ఇచటి తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపుటలో ఖాళీ చూపుటలేదు.' ఖాళీ అని రాయలేదు. నిజంగానే వేలెడు చోటు వదిలారు. అక్కడ ఏ మాట రావాలో చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఎర్ర సిరాతో 'శ్రద్ధ' అని నింపి పంపాను. మరుసటి నెల మరో కాగితం. మళ్ళీ అదే మాట దగ్గర అదే ఖాళీ. పాపం, ఆ మాటంటే భయపడిపోయారు అనుకున్నాను. ఒక్క మాట నేర్పి పంపితే పోయేదానికి, ప్రతిసారీ నింపుతూ పోయాను. ఆ మాట రెండోసారి చదువుకునేవాణ్ణి కాదు. రాసి, తొందరగా కవరు అంటించేవాణ్ణి.

కొలువు అయిపోయాక ఆయన మెట్‌పల్లి వైపు తిరిగి రాలేదు. ఆ ఊళ్ళోనే ఉండిపోయి, అట్టలేని పుస్తకంలోని సంగతులను బడిపిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాయడం మొదలుపెట్టారు. నెలకు రెండు మూడు పేజీలు వచ్చేవి. ఏడాదికేడాది తప్పులు తగ్గిపోయాయి. చివరికి దీర్ఘాలన్నీ వాటి వాటి చోట్లలో బుద్ధిగా కూర్చున్నాయి. కానీ అరుగోళ్ళు చెప్పేదంతా తన మనసు మీద తాను కన్నేసి ఉంచడం గురించే కాబట్టి, ఆ మాట అడుగడుగునా వచ్చేది. వచ్చిన చోటల్లా ఖాళీయే. ఒక పేజీలో నాలుగు ఖాళీలు. శ్రోత్రియుడు, నిర్ద్వంద్వం లాంటి మాటలు తప్పు లేకుండా రాసే మనిషికి శ్రద్ధ రాయడం రాదా, అని ఒక్కసారైనా అనుమానం రావాలి కదా? వచ్చింది. దాన్ని కూడా చెరిపేసుకున్నాను.

ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు ఒకే ఒక్కసారి వెళ్ళి చూశాను. ఈసారి చెప్పేయాలనే వెళ్ళాను. పెద్దపల్లిలో రైలెక్కి, గోదావరి దాటి, మంచిర్యాలలో దిగి, నడుచుకుంటూ పోయాను. దారి పొడుగునా వాక్యాలు పేర్చుకున్నాను, వ్యాకరణం సహా. ఆయన మట్టి అరుగు మీద కూర్చుని ఉన్నారు. అది గురువారం. చాయ్ వచ్చింది. వాసన చూసి నా వైపు జరిపారు.

తాగాను. బడి సంగతులు, పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం. పొద్దు వాలుతోంది.

"ఇంకేమన్న ఉన్నదా పంతులూ?" అన్నారు.

"ఏం లేదు సాబ్."

ఖాళీ సాసర్ తీసి పక్కన పెట్టారు. "ఏమన్న చెప్పేదుంటె చెప్పు. ఫికర్ పడకు" అన్నారు మళ్ళీ, నా వైపు చూడకుండా.

"ఏం లేదు సాబ్" అన్నాను మళ్ళీ.

ఆయన రుమాలు విప్పారు. నిదానంగా దులిపి, ఒక్కో చుట్టు చుట్టుకున్నారు. కోపం వచ్చేంత ఇప్పుడేం జరిగింది అని నేను తెల్లబోయి చూశాను. కట్టుకోవడం అయ్యాక, "పా, రైలు టైమైతది" అని ఊరి చివరిదాకా వచ్చి సాగనంపారు. పేర్చుకున్న వాక్యాలన్నీ అలాగే తిరిగి తెచ్చుకున్నాను.

కార్డులో రాసినట్టే పదకొండో రోజుకు వెళ్ళాను. కార్యం అయింది, భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఆయన భార్య, నేను అమ్మా అని పిలిచే మనిషి, వచ్చి తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది.

ఇక ఆయన లేరు కదా, ఆమెకైనా చెప్పాలని నోరు తెరిచాను. "అమ్మా, ఆ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు..."

"నాకెరికె బిడ్డా," అంది. "మీ సాబుకు గూడ గా దినమే ఎరికాయె."

నేను ఆమె ముఖం చూశాను.

"ఇంటికి అచ్చి చిత్తు కాగితం ఎండకు పట్టి చూసిండు. గా మాట కింద రబ్బరు రుద్దిన జాగ ఉన్నది, కాగితం పొర లేసింది. 'పంతులు చూసిండు. చుక్క గూడ పెట్టిండు. పెట్టి చెరిపిండు' అన్నడు. అని రుమాలు ఇప్పిండు. కట్టిండు. మల్ల ఇప్పిండు. గా సాయంత్రం ఎన్నిసార్లు ఇప్పి కట్టిండో, నేను చూడలేక లోపటికి పోయిన."

బడిలో ముట్టుకోని రుమాలు. అది నా కోసం అట్టిపెట్టుకున్నారన్నమాట.

"మరి నాకే ఎందుకు పంపారమ్మా, ఇన్నేళ్ళు?"

"నేను గదే అడిగిన. లొల్లి గూడ పెట్టుకున్న. గంత చేసినోనికి మల్ల కాగితాలు పంపుతవా అని. 'చెరుపుడు అతని ఇఖ్తియార్. మల్ల నమ్ముడు నాది' అన్నడు. గా మాట జాగ మాత్రం ఇడిచిపెడ్తుండె. 'గది నేను రాయ. అతనే రాయాలె. రాసుకుంట రాసుకుంట ఒకనాడు అతనే చెప్తడు' అన్నడు. నువ్వు అచ్చిపోయిన నాడు దినమంత ఎదురు చూసిండు బిడ్డా."

తల వంచుకుని కూర్చున్నాను. ఏడ్చానని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. నేను ఏడవవలసింది రెండేళ్ళ కిందట, అదే చోట, ఆయన వినేట్టుగా.

ఆమె కాగితం నా పక్కన పెట్టింది. "టపాల వెయ్యాలని పెట్టిండు. అంతట్ల పానం బాగలేకపాయె," అంది. లోపలికి పోబోతూ ఆగి, "మీ సాబు కోపం అప్పుడే పోయింది. నాకు మాత్రం పోలే. నేను అరుగోళ్ళ దాన్ని కాదు. నీకు అన్నం పెట్టిన, గది నా ధర్మం. కోపమైతె ఉన్నది" అంది.

ఆమె ఆ మాట అన్నందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. ఆ ఇంట్లో నాకు దక్కవలసింది దక్కింది.

ఆ పేజీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది, పక్కనే ఆ కార్డు. మా ఇంటావిడ పట్టింపు కాదని రెండింటినీ లోపలికే తెచ్చుకున్నాను. కార్డులోని 'శ్రద్ధకు రావలెను'ను దిద్దలేదు. ఆ పిల్ల తప్పు రాసిందని ఇప్పుడు నాకు అనిపించడం లేదు. పేజీలో ఉన్నది ఆయన వణుకు చేతి రాత. ఒక్క తప్పు లేదు. చివరి మూడు వాక్యాలు ఇవి: 'ప్రతి మనిషి తన మనసు మీద తానే' అని వేలెడు ఖాళీ, ఆ తర్వాత 'ఉంచవలెను. తప్పినచో మరల మొదలు పెట్టవలెను. ఆలస్యమైనదని మానరాదు.'

దిద్ది పంపడానికి చిరునామా లేదు. నింపితే చూసేవారు లేరు. అయినా ఎర్ర సిరా తీశాను, మూత పెట్టేశాను. పెన్సిల్ తీశాను. ఆ ఖాళీ మీద మొన ఆనించి చాలాసేపు కూర్చున్నాను. మాట రాయలేకపోయాను. పెన్సిల్ తీసేసరికి అక్కడ ఒక చిన్న చుక్క పడి ఉంది. రబ్బరు చేతికి అందేంత దూరంలోనే ఉంది. చెరపలేదు.